నిజాం ఏలుబడిలోని క్రైస్తవులు, మనం అప్పజెప్పవలసిన లెక్క

సమస్త స్తుతులు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక.

ధార్మిక సోదరులారా! 2023 ఆగస్టు 16న పాకిస్తాన్‌లోని జరాన్‌వాలా పట్టణంలో ఘోరం జరిగింది. దివ్యఖుర్ఆన్ ప్రతిని అవమానించారన్న ఒక ఆరోపణ పుట్టింది. దాన్ని విచారించవలసిన వారు విచారించేలోగానే గుంపులు క్రైస్తవుల వాడల మీద పడ్డాయి. ఇరవైకి పైగా చర్చిలు దగ్ధమయ్యాయి. వాటి చుట్టూ ఉన్న నిరుపేద పారిశుద్ధ్య కార్మికుల ఇండ్లు కూడా దోపిడికి గురయ్యాయి. ఆ వార్త వచ్చిన వారంలోనే మేము జనగామ నుండి మహబూబాబాద్‌కు రైలులో వెళ్తున్నాము. ఎదుట కూర్చున్న పెద్దమనిషి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, క్రైస్తవుడు, డోర్నకల్‌లో దిగవలసినవాడు. మా టోపీని, గడ్డాన్ని చూసి ఎంతో మర్యాదగానే అడిగాడు:

"మౌల్వీ సాబ్, అక్కడి సంగతి పేపర్లో చదివిన. మన దగ్గర మీ నవాబుల రాజ్యం నడిచిన దినాలల్ల మావోళ్లను ఎట్ల చూసిండ్రు?"

మాకు మదర్సాలో నేర్చిన చరిత్ర నాలుక చివరనే ఉంది. నజ్రాన్ క్రైస్తవుల సంగతి చెప్పాము. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) జెరూసలేములో చేసిన వాగ్దానం చెప్పాము. మెదక్‌లో అంత పెద్ద చర్చి ఎవరి రాజ్యంలో లేచిందో చూడండి అన్నాము. ఆయన చివరిదాకా విని, వరంగల్ దాటిన తరువాత నెమ్మదిగా అన్నాడు: "అదంతా నిజమే గావచ్చు సాబ్. మా తాతకు చర్చి ఉండె. కానీ ఆయనకు అక్షరం నేర్పింది సర్కారు కాదు, మీ పెద్దలూ కాదు. చెట్టు కింద ఒక మిషన్ పంతులు నేర్పిండు. ఎందుకట్ల అయింది?"

మా దగ్గర జవాబు లేదు. మహబూబాబాద్ స్టేషన్ వచ్చింది, మేము దిగిపోయాము. నేటి ఖుత్బా ఆలస్యంగా ఇస్తున్న ఆ జవాబు.

ముందుగా మనకు విధించబడినదేమిటో స్పష్టం చేసుకుందాము. మనతో ధర్మం విషయంలో యుద్ధం చేయని వారి పట్ల, మనలను ఇండ్ల నుండి వెళ్లగొట్టని వారి పట్ల మేలుతోను న్యాయంతోను మెలగడాన్ని అల్లాహ్ నిషేధించలేదనీ, న్యాయశీలురను ఆయన ప్రేమిస్తాడనీ ముమ్తహినా సూరా మనకు బోధిస్తున్నది. హజ్ సూరాలో అల్లాహ్ మస్జిదులతో పాటు మఠాలను, చర్చిలను, యూదుల ఆలయాలను కూడా ప్రస్తావించి, దౌర్జన్యపరులను ఆయన అడ్డుకోకుంటే అవన్నీ కూలిపోయేవని తెలిపాడు. ఒప్పందంలో ఉన్న ముస్లిమేతరుణ్ణి అన్యాయంగా చంపినవాడు స్వర్గపు సువాసనను కూడా ఆఘ్రాణించలేడని సహీహ్ బుఖారీలోని హదీసు భావం. అటువంటి వ్యక్తికి అన్యాయం చేసినవాడికి వ్యతిరేకంగా ప్రళయ దినాన తానే వాదిస్తానని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. సోదరులారా, ఎవరి సిఫారసు కోసం మనం ఆశపడుతున్నామో ఆయనే మనకు ప్రతివాదిగా నిలబడితే మన గతి ఏమిటి?

ఆచరణ కూడా ఉన్నది. నజ్రాన్ నుండి క్రైస్తవుల బృందం మదీనాకు వచ్చినప్పుడు వారి ప్రార్థన వేళ అయింది. మస్జిదె నబవీలోనే వారు తూర్పు దిక్కుకు తిరిగి ప్రార్థించారనీ, దైవప్రవక్త (స) వారిని అడ్డుకోవద్దన్నారనీ సీరత్ గ్రంథకర్త ఇబ్నె ఇస్‌హాఖ్ నమోదు చేశారు. సిరియాలో హిమ్స్ పట్టణాన్ని విడిచి సైన్యం వెనుకకు మరలవలసి వచ్చినప్పుడు, పట్టణవాసుల నుండి వసూలైన జిజియాను వారికే తిరిగి ఇచ్చివేశారు. రక్షిస్తామన్న మాట మీద తీసుకున్న సొమ్ము అది. రక్షించలేని స్థితి వచ్చినప్పుడు ఆ సొమ్ము మనది కాదన్నారు. పన్ను వసూలు చేసి తిరిగి ఇచ్చిన సైన్యాలు చరిత్రలో ఎన్ని ఉన్నాయో మాకైతే తెలియదు.

ఇంతవరకు మన జల్సాలలో తరచుగా వినబడే మాటలే. వినబడనివి కూడా ఉన్నాయి. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో డమాస్కస్‌లోని యోహాను చర్చిని క్రైస్తవుల నుండి తీసుకొని పెద్ద మస్జిదులో కలిపివేశారు. ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ 1009లో జెరూసలేములోని పవిత్ర సమాధి చర్చిని కూల్పించాడు. హజ్రత్ ఉమర్ ఏ చర్చి లోపల నమాజు చేయడానికి నిరాకరించారో ఆ చర్చినే. తాను లోపల నమాజు చేస్తే తన తరువాతి ముస్లింలు దానిని సాకుగా చేసుకొని ఆ చర్చిని తీసుకుంటారని ఆయన భయపడ్డారట. ఈ వృత్తాంతాన్ని రాసిపెట్టినవాడు అలెగ్జాండ్రియా క్రైస్తవ పెద్ద యూటికియస్. మన మంచిని పరాయివాడు రాసిపెట్టినప్పుడు, మన చెడును మనం దాచడం సిగ్గుచేటు.

వలీద్ కథకు ఒక తరువాయి ఉన్నది. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహిమహుల్లాహ్) ఖలీఫా కాగానే డమాస్కస్ క్రైస్తవులు తమ ఫిర్యాదుతో ఆయన వద్దకు వెళ్లారు. అది తనకు ముందున్న ఖలీఫా మీద, తన సొంత వంశం మీద వచ్చిన ఫిర్యాదు. ఆయన దానిని కొట్టివేయలేదు. తీసుకున్న భాగాన్ని తిరిగి ఇవ్వాలని ఆదేశించారు. పట్టణపు ముస్లింలు అజాన్ పలికిన చోటును ఎట్లా ఇస్తామని బాధపడ్డారు. చివరకు ఉభయుల సమ్మతితో గూతా ప్రాంతంలోని చర్చిలు క్రైస్తవులకు దక్కేట్లు రాజీ కుదిరింది. రాజీ సంగతి అటుంచండి. ఫిర్యాదు వినబడింది, తప్పును తప్పు అన్నారు. మేము ఈ కథను పట్టుకొనే మన దక్కన్‌కు వస్తున్నాము.

ఇక్కడ ఒక మాట విడమరచాలి. హైదరాబాద్ సంస్థానం ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశం కాదు. ప్రజలలో మనవారు పదింట ఒక వంతుకు కొంచెం పైన మాత్రమే. కాని సింహాసనం, కొలువు, కొత్వాలి, రాజభాష మనవి. కాబట్టి ఏలుబడి లెక్క మన మీద ఉంటుంది.

ఆస్థానం వరకు చూస్తే ఆ లెక్క ఉజ్జ్వలంగానే కనిపిస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలోనే ఆర్మీనియా క్రైస్తవ వర్తకులు హైదరాబాదులో నివసించారు. ఉప్పుగూడలో వారి సమాధులు నేటికీ ఉన్నాయి. నిజాం అలీఖాన్ తన సేనలో ఫ్రెంచివాడైన రేమండ్‌కు గొప్ప అధికారం ఇచ్చాడు. 1798లో ఆయన మరణిస్తే నగరం దుఃఖించింది. ముస్లింలు ఆయనను మూసా రహీమ్ అని, హిందువులు మూసా రామ్ అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరులో ఆయన ఇంకా ఉన్నాడు. క్రైస్తవుడైన ఆయన సమాధి వద్ద ఏటా జనం చేరేవారట.

కాని రైలు మాస్టారి తాత జనరల్ రేమండ్ కాడు. ఆయన మానుకోట పల్లెలో వెట్టివాడు.

మానుకోట ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబాబాద్ అయింది. ఆయన కాలంలోనే, 1880 దశకంలో, రైలు పట్టాలు వరంగల్ దాటి ముందుకు సాగాయి. సింగరేణి బొగ్గు కోసం డోర్నకల్ దగ్గర ఒక శాఖ చీలింది. అందువల్ల ఒక చిన్న పల్లె జంక్షనై పేరు పొందింది. అదే రోజులలో మిషనరీలు కూడా ఈ ప్రాంతానికి వచ్చారు. అమెరికన్ బాప్టిస్టులు 1879లో హనుమకొండలోను, ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో జనగామలోను కేంద్రాలు పెట్టుకున్నారు. డోర్నకల్‌కు వచ్చినవాడు తెల్లవాడు కాదు. తిరునల్వేలి ప్రాంతపు పల్లెలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళ క్రైస్తవులు తమ చందాలతో నడిపిన మిషనరీ సంఘం తరఫున 1909లో ఇక్కడికి వచ్చి, మన తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. బ్రిటిషు ఇండియాలోని మహానగరాలను వదిలి, ముస్లిం రాజు ఏలుబడిలోని ఒక రైలు జంక్షన్ ఆ మొదటి భారతీయ బిషప్పుకు పీఠమైంది. ఈ సంగతి మహబూబాబాద్ జిల్లాలోని మన పిల్లలలో ఎందరికి తెలుసు?

రాజ్యం ఆయనను అడ్డుకోలేదు. అప్పటి నిబంధన ప్రకారం కొత్త ప్రార్థనాలయం కట్టాలంటే ఉమూరె మజ్హబీ శాఖ అనుమతి కావలసి ఉండేది. ఈ నియమం మీద హిందూ సోదరులకు తీవ్రమైన ఫిర్యాదు ఉండేది. 1938-39లో ఆర్యసమాజం చేసిన సత్యాగ్రహంలో అది ఒక ముఖ్యాంశం. సరిగ్గా ఆ సత్యాగ్రహం నడుస్తున్న రోజులలోనే, 1939 జనవరి 6న, డోర్నకల్‌లో అజరయ్య ఏళ్ల తరబడి కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన కెథడ్రల్ అప్పటికి పధ్నాలుగేండ్ల ముందే, 1924 డిసెంబరు 25న ఆరంభమైంది. కరువులో ఆకలిగొన్న జనానికి పని, తిండి దొరుకుతాయని 1914లో దానిని మొదలుపెట్టి పదేండ్లు కట్టారు. దాని శిఖరం 175 అడుగులు. దాని చుట్టూ నవాబుకు, పాద్రీకి మధ్య నడిచినట్లు చెప్పే కథలు చాలా ఉన్నాయి. ఆధారం లేని కథల జోలికి మేము పోము.

రైలు సంభాషణ తరువాత మేము డోర్నకల్ వెళ్లి ఆ కెథడ్రల్‌ను చూశాము. దూరం నుండి చూసినవాడు దానిని మస్జిదు అనుకుంటే తప్పు పట్టలేము. గుమ్మటాలున్నాయి, మినార్లున్నాయి. లోపలి స్తంభాలు దక్షిణాది దేవాలయాల మాదిరి. ఈ దేశపు మట్టిలో పుట్టిన క్రైస్తవం ఈ దేశపు రూపంలోనే కనబడాలని అజరయ్య కోరుకున్నాడు. ఈ దేశపు రూపంలో మన మినారు కూడా ఒక భాగమని ఆయన భావించాడు. మనలో కొందరికి ఇది అనుకరణగా తోచవచ్చు. మాకు మాత్రం అక్కడ నిలబడినప్పుడు, పొరుగువాడు మన ఇంటి గడప నమూనా అడిగి తన ఇంటికి పెట్టుకున్నట్లు అనిపించింది.

ఇక మాస్టారి ప్రశ్న.

చర్చికి వెళ్లినవారు ఎవరు? ఎక్కువగా మాలలు, మాదిగలు. జనగామ, మానుకోట పల్లెలలో వారు దొర గడీకి వెట్టి చేసేవారు. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, మోటకు తోలు ఇవ్వాలి, అధికారి ఊరికి వస్తే మూటలు మోయాలి. కూలి ఉండదు. ఊరి బావి దగ్గరకు రానివ్వరు. వెట్టిని నిషేధిస్తూ హైదరాబాదు నుండి ఫర్మానాలు వెలువడ్డాయి. అవి గడీ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి, ఎందుకంటే శిస్తు వసూలుకు ప్రభుత్వానికి ఆ దొరలే ఆధారం. రాజు దేవుణ్ణి కొలిచే స్వేచ్ఛ ఇచ్చాడు. దానికి ఖజానా నుండి ఒక్క రూపాయి పోదు. వెట్టి మాన్పిస్తే పోతుంది. అందుకే మొదటిది దొరికింది, రెండవది దొరకలేదు. మాస్టారికి రైలులో మేము చెప్పలేకపోయిన మాట ఇదే.

ఇది క్రైస్తవులకు మాత్రమే జరిగిన అన్యాయం అనుకోకండి. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు ఉండేవాడు. తన భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి పోరాడాడు, గెలిచాడు. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను చంపారు. ఆయన సమాధి రోడ్డు పక్కనే ఉన్నది. రాజ్యం ముస్లిందే, మృతుడు ముస్లిమే, అయినా రాజ్యం ఆయనకు అక్కరకు రాలేదు. మరికొన్నేండ్లకు పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీద పడింది కూడా అదే దేశ్‌ముఖ్ మనుషులు. వెట్టివాని మతం ఏదైనా గడీ ముందు వాడు వెట్టివాడే.

చదువు సంగతి కూడా ఇట్లాగే జరిగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన ఘనతను మేము తక్కువ చేయము, ఆ ఉర్దూ మా హృదయానికి దగ్గరి భాష. కాని మానుకోట పల్లె పిల్లవానికి ఇంటి భాష తెలుగు. ఆ పిల్లవానికి పై చదువు గుమ్మం పరాయి భాషలో ఉన్నది, కింది బడి తన వాడకు రానే లేదు. డోర్నకల్ మిషన్ ఏం చేసింది? పల్లెకు ఒక పంతులును పంపింది. పగలంతా దొర పొలంలో చాకిరీ చేసి వచ్చినవారికి రాత్రి దీపం దగ్గర తెలుగు అక్షరాలు దిద్దించింది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూసే నాటికి ఆయన అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. వారిలో ఎక్కువమంది బ్రిటిషు వారి కృష్ణా జిల్లాలోనివారు అన్నది నిజమే. అయినా మన వైపు పల్లెలలో చదివిన మొదటి మాదిగ, మొదటి మాల చాలాచోట్ల ఆ రాత్రి బడిలోనే చదివాడు.

మన పెద్దలలో కొందరు "గింజల కోసం దేవుణ్ణి మార్చుకున్నారు" అని ఎగతాళి చేయడం మేము చిన్నతనంలో విన్నాము. ఈ మాట ఇప్పటికీ కొన్ని నోళ్లలో ఆడుతున్నది. ఆకలితో ఉన్నవానికి గింజలు వేయడం తప్పయితే మాఊన్ సూరాను మనం ఎందుకు చదువుతున్నాము? పేదవానికి అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు, నమాజు చేస్తూ కూడా చిన్నపాటి సాయాన్ని నిరాకరించేవాడు అక్కడ నిందకు గురయ్యాడు. క్రైస్తవుల విశ్వాసంతో మనకు స్పష్టమైన విభేదం ఉన్నది. హజ్రత్ ఈసా (అలైహిస్సలామ్) అల్లాహ్ దాసుడు, ప్రవక్త అని మన నమ్మకం. దానిని మేము దాచము, తగ్గించము. కాని గింజలూ ఇవ్వక, అక్షరమూ ఇవ్వక, ఇచ్చినవానిని ఎగతాళి చేసే హక్కు ఏ ఫిఖ్హ్ గ్రంథం ఇచ్చింది? మస్జిదులో భుజం భుజం కలిపి నిలబెట్టే ధర్మం మనది. మన మస్జిదుకు కూతవేటు దూరంలో మాదిగవాడ ఉన్నది. నాలుగు తరాలు మనం అటు నడవలేదు.

భూపాలపల్లి నుండి వచ్చే మన సోదరులు ఈ మాటను బాగా గ్రహిస్తారు. డోర్నకల్‌ను జంక్షన్ చేసిన ఆ సింగరేణి బొగ్గే నేడు భూపాలపల్లి గనులలో తవ్వుతున్నారు. అక్కడి కార్మిక వాడలలో ముస్లిము, క్రైస్తవుడు ఒకే షిఫ్టుకు దిగుతారు, ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటారు. ఇద్దరికీ ఒక కష్టం కూడా సమానంగా ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేశారు. క్రైస్తవులైన దళితులు, ముస్లిములైన దళితులు ఇంకా బయటే ఉన్నారు. చర్చిలో చేరిన మాదిగ మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. పని మారదు, వాడ మారదు, జాబితా మాత్రం మారుతుంది. ఈ విషయంలో క్రైస్తవ సోదరుల అర్జీ మీద మనవారి సంతకం ఉండాలన్నది మా అభిప్రాయం. ఈ విషయమై మూడు పట్టణాల మస్జిదు కమిటీల పెద్దలతో మాట్లాడుతున్నాము.

మరి జరాన్‌వాలా? అది మన ఊరు కాదు, మనం చేసింది కాదు అని ఊరుకోవచ్చు. ఎక్కడో ఎవరో చేసినదానికి మన మీద వేలెత్తవద్దని మనం రోజూ పొరుగువారిని అడుగుతున్నాము; అది న్యాయమైన కోరికే. కాని ఆ వారం మా ఫోనుకు వచ్చిన సందేశాలలో కొన్ని దహనకాండను సమర్థించేవి. పంపినవారు ఈ జమాతులోని యువకులే. వారి పేర్లు ఇక్కడ చెప్పము. గ్రంథానికి అవమానం జరిగిందన్న ఆరోపణకు న్యాయస్థానం ఉన్నది, సాక్ష్యం ఉన్నది, కాజీ ఉన్నాడు. ఆ ఆరోపణతో సంబంధం లేని చీపురు పట్టే స్త్రీ ఇంటికి నిప్పు పెట్టడానికి షరీఅత్‌లో ఏ దారీ లేదు. ఒకడి నేరానికి మరొకడు భారం మోయడని ఖుర్ఆన్ ఒకటికి మించిన చోట్ల బోధించింది. ఆ యువకులు నమాజు తరువాత మా వద్దకు రావాలి. కోప్పడము, కూర్చొని మాట్లాడదాము.

డోర్నకల్ వెళ్లిన రోజున మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాము. ఆయన మమ్మల్ని గుర్తుపట్టి, కుర్చీ వేసి, చాయ్ ఇప్పించాడు. అస్ర్ వేళ అయిందని మేము లేవబోతే, "ఇక్కడనే చేసుకోండి సాబ్" అని ముందు గది ఊడిపించి, ఉతికిన చాప పరిపించాడు. ఖిబ్లా ఎటో అడిగి తెలుసుకొని గోడ మీది పటాన్ని తానే తీసి పక్కన పెట్టాడు. మాకు నజ్రాన్ బృందం జ్ఞాపకం వచ్చింది.

నమాజు అయ్యాక ఆయన ప్రశ్నకు మేము అనుకున్న జవాబు చెప్పాము. ఎక్కువసేపు ఏమీ అనలేదు. "ఇది మీవోళ్లకు చెప్పుతారా సాబ్?" అని మాత్రం అడిగాడు. చెప్తామన్నాము. ఈ పుస్తకం అచ్చయిన తరువాత ఒక ప్రతి ఆయనకు ఇచ్చి, వెట్టి గురించి, రాత్రి బడి గురించి మేము రాసినదానిలో పొరపాట్లుంటే దిద్దమని అడుగుతాము.